మృతుల పుస్తకంలో ఒక మేరీ

ఏటా నవంబరు రెండో తారీకున, మృతుల పండుగ నాడు, చినలంక మఠంలో చనిపోయిన పసిపిల్లల పేర్లు చదివేవారు. అందులో ఒక పేరు గల పిల్ల బతికే ఉంది. ఆ సంగతి మఠం మొత్తమ్మీద ఒక్క సిస్టర్ ఆగ్నేస్‌కే తెలుసు.

చినలంక అల్లవరం దాటేక, ఏరు సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉంటుంది. కరుణమాత సభకి చెందిన కన్యస్త్రీలు అక్కడ ఒక బడీ, ఒక ఆసుపత్రీ నడిపేవారు. ఆసుపత్రి అన్న మాటే గానీ ఉన్నవి రెండు గదులు, వసారా, ఆరు మంచాలు. అయినా చుట్టుపక్కల పాలేలకి అదే దిక్కు. ఆగ్నేస్ నాన్న సాలమోను కొత్తపేట దగ్గర ఒక రైతు దగ్గర పాలేరుతనం చేసిన మనిషి. ఆ రైతు ఇంటి మెట్టు ఆయన ఏనాడూ ఎక్కలేదు. అదే రైతు మనవణ్ణి తేలు కుడితే కారులో వేసుకుని చినలంక వచ్చి, "సిస్టర్ గారండీ, మీరే కాపాడాలండీ" అని ఆగ్నేస్ ఎదుట చేతులు జోడించి నిలబడ్డాడు. తెల్లచీరకీ మెడలో శిలువకీ అంత విలువ ఉండేది ఆ రోజుల్లో. ఆ విలువ ఎక్కడ చెడిపోతుందోనన్న బెంగ కూడా సిస్టర్లకి అంతే ఉండేది.

ఆసుపత్రికి తెచ్చిన చంటిబిడ్డ ఇక దక్కదని తోస్తే, దగ్గరున్న సిస్టరు చేత్తో కాసిని నీళ్లు తీసుకుని నుదుటి మీద పోసేది. "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను" అని పెదవుల్లోనే అనుకునేది. ప్రాణం పోయే వేళ ఫాదర్ గారే రానక్కర్లేదు, ఎవరిచ్చినా చెల్లుతుంది. చూసేవాళ్లకి జ్వరానికి నుదురు తడిపినట్టే ఉండేది. హిందువుల బిడ్డ అయినా సరే పోసేవారు. తల్లికి మాత్రం చెప్పేవారు కాదు. ఆడపిల్లయితే మేరీ, మగపిల్లాడైతే జోజి. పేర్లు వెతికే తీరికెక్కడిది?

నీళ్లు పోసిన చేత్తోనే మృతుల పుస్తకంలో రాసేసేవారు. తారీకు, పేరు, తల్లి పేరు, పాలెం. చావు కోసం ఆగేవారు కాదు. నీళ్లు పోయించుకున్న పిల్లల్లో మర్నాడు పొద్దు చూసినవాళ్లు అంతవరకూ లేరు. అందుకని, ఆగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

డెబ్భై నాలుగులో, శ్రావణమాసం వానల్లో, పల్లిపాలెం నించి పైడమ్మ తొమ్మిది నెలల ఆడపిల్లని పైటలో చుట్టుకుని వచ్చింది. వాంతులు, విరేచనాలు. పిల్ల కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. సెలైను ఎక్కించడానికి నరం దొరకలేదు. పైడమ్మ గోడకేసి తల కొట్టుకుంటోంది. ఆమె మొగుడు బంగారయ్య వానలో గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. ఆగ్నేస్‌కి అప్పటికి ఇరవై ఆరేళ్లు, చినలంక వచ్చి మూడు నెలలు. ఆమె కూజాలో నీళ్లు చేతిలోకి వంపుకుంది. పోసింది. లోపలికెళ్లి రాసింది: "మేరీ, పైడమ్మ బిడ్డ, పల్లిపాలెం."

రాసి తిరిగొచ్చేసరికి నరం దొరికింది.

మర్నాడు పొద్దున పిల్ల పాలు తాగింది. నాలుగో రోజుకి నవ్వింది. బుజ్జమ్మ అని పిలుచుకుంటూ పైడమ్మ ఇంటికి తీసుకుపోయింది.

ఆగ్నేస్ పుస్తకం తీసి చూసుకుంది. సిరా ఆరిపోయింది. పేజీలకి నంబర్లున్నాయి, మఠం పెద్ద మదర్ గారి సంతకం లేకుండా ఒక్క అక్షరం కొట్టెయ్యడానికి వీల్లేదు. మదర్ గారికి చెపితే ఫాదర్ గారికి తెలుస్తుంది. జ్ఞానస్నానం పొంది బతికున్న పిల్ల కాబట్టి ఆయన పల్లిపాలెం వెళ్లి, ఈ బిడ్డని మా విశ్వాసంలో పెంచండి అని తల్లిదండ్రులకి చెప్పాల్సి వస్తుంది. అప్పుడు బంగారయ్య, "మా పిల్ల నెత్తిన నీళ్లు పొయ్యమని మీకెవరు సెప్పేరండీ?" అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకి పాలేలన్నీ లేచి కూచుంటాయి. ఎవరి బిడ్డకి పోసేరో, ఎవరి బిడ్డకి పొయ్యలేదో అని ప్రతి తల్లీ లెక్క వేసుకుంటుంది. ఇక వాంతులతో ఉన్న పిల్లని ఎత్తుకుని చినలంక ఎవరొస్తారు? రానివాళ్ల పిల్లలు ఇంటి దగ్గరే పోతారు.

ఇన్ని అనుకుని ఆమె పుస్తకం మూసి బీరువాలో పెట్టేసింది.

ఆ నవంబరులో మదర్ క్లారా గారు గుడిలో పేర్లు చదివేరు. ఆవిడ మలయాళీ, తెలుగు నిదానంగా, ఒక్కో అక్షరం ఏరుకున్నట్టు చదివేవారు.

"మేరీ, పైడమ్మ బిడ్డ, పల్లిపాలెం."

"ప్రభువా, ఈమెకు నిత్య విశ్రాంతిని దయచేయుము" అన్నారు అందరూ. ఆగ్నేస్ నోరు కూడా అంది. అలవాటైన నోరు, ఆపుకునేలోపే అనేసింది.

మూడో రోజున పైడమ్మ పిల్లని ఎత్తుకుని వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది.

పై ఏడు కూడా అంతే. ఆ పై ఏడూ అంతే. కార్తీకమాసం వచ్చిందంటే బుజ్జమ్మకి జ్వరం. వానలు వెనకబట్టేక దోమలు లేస్తాయి, ఆ నెలలో సగం పాలెం మూలుగుతూనే ఉంటుంది, ఇందులో వింతేముంది అని ఆగ్నేస్ చదివిన నర్సు చదువు చెప్పేది. జ్వరం రాని మిగతా సగం పాలెం పేర్లు ఎవరూ చదవట్లేదు కదా అని మనసు లోపల ఎవరో అనేవారు. ఒక ఏడు ఆ పేరు దగ్గర గట్టిగా దగ్గింది. పేరు వినపడలేదు గానీ జవాబు వినపడింది. ఒక ఏడు వార్డులో పనుందని గుడికే వెళ్లలేదు. కిటికీలోంచి వచ్చింది ఆ జవాబు, ఇరవై గొంతులు కలిసి, ఆ పిల్లని మెల్లగా జోకొడుతున్నట్టు. ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనంలో చెప్దామని ఎన్నిసార్లో మోకరించింది. చిరాకు పడ్డానండీ, ప్రార్థనలో నిద్రపోయానండీ అని చిన్న చిన్న తప్పులు చెప్పి లేచొచ్చేసేది.

పైడమ్మకి మాత్రం సిస్టర్లంటే ప్రాణం. ఏట్లో చీరమేను చేపపిల్లలు పడే రోజుల్లో తప్పకుండా ఒక గిన్నె పట్టుకొచ్చేది. వసారాలోంచే కేకేసేది.

"ఏటండీ సిస్టరమ్మ గారూ! మీ మదర్ గారికి మా చీరమేను లేపోతే జపమాల తిరగదంటగా?"

"తిరుగుద్దిలే గానీ పూస పూసకీ చేపలు కనపడతాయంట" అనేది ఆయా మార్తమ్మ, గిన్నె అందుకుంటూ. "శేరు అన్నావు, ఇది శేరేనా? మీ ఇంటి శేరు మా ఇంటి సోలంత ఉందే?"

"నువ్వు తినేది కాదు గదా, నీకెందుకే ఏడుపు?"

పక్కన నిలబడి బుజ్జమ్మ నవ్వేది. సిస్టర్ల బళ్లోనే వేసేరు దాన్ని. ఆగ్నేస్ ఎప్పుడు కనపడినా పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకునేది. ఆ చెయ్యి వెచ్చగా ఉందో చల్లగా ఉందో ముందు చూసుకునేది ఆగ్నేస్. మనసులో బుజ్జమ్మా అని పిలిస్తే ఇంకో పేరు పక్కనే వచ్చి నిలబడేది. ఆమె వద్దనుకున్నా నిలబడేది.

ఎనభై ఆరులో ఆగస్టు వరదకి రోడ్డు రెండు చోట్ల తెగిపోయింది. నీళ్లు తీసేక జ్వరాలు మొదలయ్యేయి. అక్టోబరు ఆఖరి రోజున పైడమ్మ బుజ్జమ్మని పడవలో తెచ్చింది. పన్నెండేళ్ల పిల్ల, ఆరో క్లాసు, నలుగురు మోస్తే గానీ గట్టెక్కలేదు. అమలాపురం నించి వారానికొకసారి వచ్చే డాక్టరు గారు చూసి, మలేరియా మెదడుకి ఎక్కింది, ఈ స్థితిలో పడవలో కదపొద్దు, ఇంజక్షన్లు ఇవే చెయ్యండి, మూడు నాలుగు రోజులు చూడాలి అన్నారు. పిల్ల కళ్లు సగం తెరుచుకునే ఉన్నాయి. పిలిస్తే పలకడం లేదు.

"బుజ్జమ్మా! ఒసే బుజ్జీ! నానొచ్చేనే, మీ అమ్మనే!" అని పైడమ్మ రెండు రోజులు పిలుస్తూనే ఉంది. ఆ కళ్లు ఆమె మీంచి దాటి గుమ్మం వైపే చూసేయి.

రెండో తారీకు ఆదివారం పడింది. మదర్ గారికి కళ్లల్లో శుక్లాలు వచ్చేయి. గుడిలో పుస్తకం ఆగ్నేస్ చేతిలో పెట్టి, "ఈ ఏడు నువ్వు చదువమ్మా" అన్నారు.

ఆగ్నేస్ చదివింది. జోజి, ఫలానా తల్లి బిడ్డ. మేరీ, ఫలానా తల్లి బిడ్డ. జోజి. మేరీ. మేరీ. ఒక్కో పేరుకీ జవాబు వస్తోంది. ఆ పుటకి వచ్చింది. తన చేతిరాతే. ఇరవై ఆరేళ్లప్పటి గుండ్రటి రాత. కళ్లతో దాటేసి కింది పేరు చదివితే ఎవరికీ తెలీదు, మదర్ గారికి పుస్తకం కనపడదు కూడా. దాటేద్దామనే నిలబడింది. తీరా అక్కడికొచ్చేక కింది పేరు నోట్లోంచి రాలేదు.

"చదువమ్మా" అన్నారు మదర్ గారు.

"చదవలేనండి మదర్."

"ఏం? అక్షరాలు చెరిగిపోయేయా?"

"లేదండి. ఈ పిల్ల మన వార్డులో నాలుగో మంచం మీద ఉందండి."

వెనక బెంచీలో మార్తమ్మ "యేసయ్యా" అని నోటికి పైట అడ్డం పెట్టుకుంది. మదర్ గారు లేచి వచ్చి పుస్తకం తీసుకుని, ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసేరు. పేర్లు అక్కడితో ఆగిపోయేయి.

పూజ అయ్యేక మదర్ గారు తన గదిలో కలం అడిగేరు. ఆ పేరు మీద గీత గీసి, పక్కన సంతకం పెట్టేరు.

"పన్నెండేళ్లు" అన్నారు. "నా నోటితో. బతికున్న బిడ్డని."

"నాదేనండి తప్పు."

"నువ్వు పోసింది ఒక్కరికి. నేనెంతమందికి పోసేనో నీకు తెలీదు." పుస్తకం మూసేరు. "ఫాదర్ గారితో నేను మాట్లాడతాను. తల్లికి మాత్రం చెప్పకు ఆగ్నేస్. కొట్టేసేం కదా. అయిపోయింది."

అయిపోలేదు. మధ్యాహ్నానికీ బుజ్జమ్మ పలకలేదు.

పొద్దు వాలుతుండగా పైడమ్మ వసారాలోకి వచ్చి ఆగ్నేస్ ముందు నిలబడింది. రెండు రోజులుగా జుట్టు ముడి వేసుకోలేదు.

"సిస్టరమ్మ గారండీ, ఒక మాట. మీ మందులు మీరెయ్యండి, నేనొద్దన్ను. దీపాలేళకి మా పద్ధతొకటి సేసుకుంటానండి. కాదనకండి."

"ఏం పద్ధతి?"

"దడుసుకుని పేణం బయటికెల్లిపోతే గుమ్మం అవతల నిలబడి మూడుసార్లు పిలవాలండి. ఇంటికి రా అని. లోపల మంచం కాడ ఒకరుండి, వచ్చేను అని దాని బదులు పలకాలి. పిలిసినోళ్లు ఎనక్కి సూడకుండా లోపలికొచ్చెయ్యాలి. అది ఎనకాల వస్తాది. నిన్న మా ఇంటికాడ మాయత్త పిలిసిందండి. రాలేదు." ఆమె మంచం వైపు చెయ్యి చూపింది. "ఏ పేరుతో ఎల్లిందో ఆ పేరుతోనే పిలవాలంట. బుజ్జమ్మా అంటే రావట్లేదేటండీ ఇది? ఇంకేం పేరుంది దీనికి?"

ఆమె ఊరికే అంది. ఆగ్నేస్ వార్డులో నాలుగో మంచం వైపు చూసింది. ఇలాంటివి నమ్మకూడదని బళ్లో పిల్లలకి చెప్పేది తనే. కానీ పన్నెండేళ్లుగా తను నమ్ముతున్నది ఇంతకంటే వేరే ఏమిటి?

"ఉందమ్మా పైడమ్మా" అంది. "ఇంకో పేరుంది."

కూచోబెట్టి చెప్పింది. నీళ్లు పోసిన సంగతి, పుస్తకంలో రాసిన సంగతి, ఏటా చదివిన సంగతి. ఏదీ దాచలేదు. పైడమ్మ అంతా అయ్యేక అడిగింది.

"నీళ్లు పోసినప్పుడు నేనెక్కడున్నానండి?"

"అక్కడే. గోడ దగ్గర. ఏడుస్తున్నావు."

"మూడడుగుల దూరంలో ఉన్నాను. అడగలేదేం?"

"ఏడుస్తున్నదాన్ని ఏం అడుగుతామని..."

"సేపల బుట్ట మోసుకునేదానికి అడిగితే అర్థమవదనుకున్నారా?"

"వద్దంటావని భయపడ్డాను."

"వద్దనేదాన్నో, పొయ్యండి తల్లీ అని కాళ్లు పట్టుకునేదాన్నో. నా నోరు నాకుండగా మీరెందుకండీ మూసేరు?" గొంతు పెంచలేదు పైడమ్మ. చేపల బేరానికి ఊరవతలికి వినపడే గొంతు అది. "ఏటేటా గిన్నెడు చీరమేను తెచ్చి మీ గుమ్మంలో పెట్టేను. మీరేమో నా పిల్లని సచ్చినోళ్లతో కలిపి పిలిసేరు."

పైడమ్మ లేచింది. "రండి. మీరెట్టిన పేరు, మీరే పిలవండి."

దీపాలవేళ అయింది. ఆగ్నేస్ ఆసుపత్రి మెట్లు దిగి ఏటి వైపు తిరిగి నిలబడింది. మఠం కిటికీల్లో సిస్టర్లు కనపడుతున్నారు. ఏటి మీద పొగమంచు అప్పుడే లేస్తోంది.

"మేరీ, ఇంటికి రా" అంది. తనకే వినపడలేదు.

"అలా కాదండి" అంది పైడమ్మ గుమ్మంలోంచి. "గుడిలో అలాగే సదివేరా?"

"మేరీ! ఇంటికి రా!"

ఏటి అవతల గట్టు మీద ఏదో పిట్ట లేచి అరుచుకుంటూ పోయింది.

"మేరీ! పైడమ్మ బిడ్డా! ఇంటికి రామ్మా!"

మూడోసారి అయింది. లోపలినించి జవాబు రావాలి. రాలేదు. పైడమ్మ చెయ్యి పెట్టి నోరు మూసుకుని ఉంది. "ఆ పేరుకి నేను పలకను" అంది వేళ్ల సందులోంచి. "పలకాల్సింది మీవోళ్లు."

వార్డులో మార్తమ్మ గోడకి అతుక్కుపోయింది. అప్పుడు మంచం దగ్గరనించి ఒక గొంతు వచ్చింది, ఏరుకున్నట్టు, ఒక్కో అక్షరమే.

"వ... చ్చే... ను."

అది మదర్ క్లారా గారి గొంతని గుర్తుపట్టడానికి ఆగ్నేస్‌కి కొంచెంసేపు పట్టింది. ఆవిడ ఎప్పుడొచ్చి పిల్ల తలగడ దగ్గర కూచున్నారో ఎవరూ చూడలేదు.

ఆగ్నేస్ తిరిగి మెట్లెక్కింది. వెనక్కి చూడలేదు. చూడకూడదని చెప్పేరు గనక కాదు, చూసే ధైర్యం లేదు. ఆ పుస్తకంలో మేరీలు పందొమ్మిది మంది. తన వెనక తడి ఇసకలో అడుగుల చప్పుడు ఒక్కరిదిలా లేదు.

నాలుగో రోజు పొద్దున జ్వరం విడిచింది. బుజ్జమ్మ మంచినీళ్లడిగింది. మందు పనిచేసిందన్నారు డాక్టరు గారు. పైడమ్మ మిగిలిన మాత్రలు పొట్లం కట్టించుకుని, పిల్లని పడవెక్కించుకుని వెళ్లిపోయింది.

పాలెం అంతటికీ చెప్పింది. చెప్పకుండా ఎలా ఉంటుంది? ఆ తర్వాత కొంతమంది తల్లులు వచ్చేరు, మందులకి కాదు. వసారా చివర నిలబడి, ఫలానా ఏడు, ఫలానా నెల, నా బిడ్డకి కూడా పోసేరా అని అడిగేరు. ఆగ్నేస్ పుస్తకం తీసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఒకామె పేరు విని ఏడ్చుకుంటూ వెళ్లింది. అప్పాయమ్మ అనే ముసలామె, "కొట్టెయ్యండి, నా కళ్ల ముందు కొట్టెయ్యండి" అని కదలకుండా నిలబడింది. మదర్ గారొచ్చి కొట్టేసి సంతకం పెట్టేరు. ఇకమీద తల్లిని అడక్కుండా ఎవరూ నీళ్లు ముట్టుకోవద్దని కూడా ఆ రోజే చెప్పేరు. అడగడానికి తల్లులు రావాలి కదా. ఆరు మంచాలూ ఖాళీ అయ్యేయి. "దుప్పట్లు ఉతకక్కర్లేదు, నాకు విశ్రాంతే విశ్రాంతి" అని మార్తమ్మ నవ్వబోయి ఊరుకుంది. ఆ చలికాలం పల్లిపాలెంలో ఇద్దరు చంటిపిల్లలు ఇళ్ల దగ్గరే పోయేరు. పేర్లు లేకుండానే పోయేరు. పోయేక గానీ ఆగ్నేస్‌కి తెలియలేదు.

ఫిబ్రవరిలో ఆమెని కె.గంగవరం వైపు మఠానికి మార్చేరు. పెట్టె పట్టుకుని రేవుకి వచ్చింది. ఏరు దాటించే పంటు కోసం నిలబడ్డవాళ్లలో పైడమ్మ ఉంది, చేపల బుట్ట కింద పెట్టుకుని. పక్కన బుజ్జమ్మ. కొంచెం చిక్కింది, పొడుగైంది. ఆగ్నేస్ పిలవబోయింది. పెదవులు విడిపడ్డాయి. ఏ పేరుతో అన్నది తేలక అలాగే కలుపుకుంది.

పిల్లే పలకరించింది. "ఎల్లిపోతన్నారా అండీ?"

"ఆయ్" అంది ఆగ్నేస్. పైడమ్మ ఏటి వైపు చూస్తూ ఉంది.

పంటు వచ్చింది. తల్లీకూతుళ్లు ఎక్కలేదు, తర్వాతదానికి వస్తామన్నారు. పంటు గట్టు వదిలి రెండు గెడల దూరం వెళ్లింది. ఆగ్నేస్ అంచు దగ్గర నిలబడి వాళ్ల వైపే చూస్తోంది. పిల్ల కూడా ఇటే చూస్తోంది, కళ్లార్పకుండా.

"బుజ్జమ్మా!" అని పిలిచింది పైడమ్మ, పక్కనే నిలబడి.

పిల్ల తిరగలేదు.

"బుజ్జమ్మా!"

తిరగలేదు. ఆగ్నేస్ రెండు చేతులతోనూ తన నోరు గట్టిగా మూసుకుంది.

"బుజ్జమ్మా! నిన్నేనే!"

మూడో పిలుపుకి తిరిగింది. కానీ ఎవరు పిలిచేరా అన్నట్టు ముందు ఏటి వైపు చూసి, తర్వాతే తల్లి వైపు తిరిగింది.